మట్టి పూసిన గుర్రం

కొత్త క్యాలెండర్ ఇంటికి రాగానే అందరూ సెలవులు చూసుకుంటారు. నేను ముహూర్తాలు చూసుకుంటాను. మా ఇంట్లో పెళ్లీడుకొచ్చిన వాళ్లెవరూ లేరు. జాతకాల మీద నాకు నమ్మకమూ లేదు. అయినా ఎర్ర స్కెచ్ పెన్ను పట్టుకుని కూర్చుని, పెళ్లి ముహూర్తాలున్న తేదీలన్నిటికీ సున్నాలు చుడతాను. మా ఆయన మొదట్లో నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడం మానేసి, ఆ రోజుల్లో సాయంత్రం వంట తనే చూసుకుంటున్నాడు.

ఈ జబ్బు నాకు అంటించిన మనిషి పోయి ఏడాది దాటింది.

హఫీజ్‌పేట రైల్వే స్టేషన్ వెనక, మా అపార్టుమెంట్లకూ రైలు పట్టాలకూ మధ్య, హైటెన్షన్ కరెంటు తీగల కింద ఒక పొడవాటి జాగా ఉంది. ఆయన తాతల నాటి పొలమంతా అమ్ముడుపోగా మిగిలిన ముక్క. తీగల కింద ఏ బిల్డరూ ఏమీ కట్టలేడు కాబట్టి మిగిలింది. చుట్టూ పాత రేకులు నిలబెట్టి, మూలకు ఒక రేకుల గది వేసుకుని, అయిదు గుర్రాలతో ఉండేవాడు. ఒకటి గుడ్డిది, ఒకటి కుంటిది, వీపు మీద జీను పుండ్లు ఎంతకీ మానని ముసలివి రెండు. అయిదోది ఒంటి నిండా ఎర్రమట్టి పూసుకుని ఉండే ఆడగుర్రం. అన్నీ పెళ్లి ఊరేగింపుల్లో పనిచేసి పనిచేసి, పనికిరాకుండా పోయి, రోడ్డు మీదికి తోలేస్తే ఆయన ఏరుకొచ్చినవే.

మొదటిసారి నేనక్కడికి జాలిపడి వెళ్లలేదు, పోట్లాటకు వెళ్లాను. ఆ ఏడు నేను మా ఫ్లాట్ల కమిటీలో ఉన్నాను. పేడ కంపు కొడుతోందని, ఈగలు ముసురుతున్నాయని గ్రూపులో రోజూ గోల. 'మీరైతే గట్టిగా మాట్లాడతారు మేడం, మీరే వెళ్లండి' అని నన్ను ఎగదోశారు. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టింగ్ టీముకు లీడుని నేను. ఎదుటివాళ్ల తప్పులు పట్టడమే నా ఉద్యోగం. గట్టిగా మాట్లాడటానికి నన్ను వేరే ఎగదోయక్కర్లేదు.

రేకుల తలుపు తోసుకుని వెళ్లేసరికి ఆయన ఒక రాయి మీద కూర్చుని, ఉడికించిన ఉలవలను చేత్తో నలుపుతున్నాడు. సన్నటి మనిషి. చిల్లుల బనీను, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, తలకు తువ్వాలు.

"బాబాయ్ గారూ, ఈ చుట్టుపక్కల మనుషులు కాపురాలుండాలా వద్దా అండీ?" అన్నాను.

"బాబాయ్ అంటె చిన్నాయన గదా. నేను మీ నాయన కన్న పెద్దగుంట బిడ్డా," అన్నాడు తాపీగా. లేచి వెళ్లి, వేప కొమ్మకు వేలాడుతున్న ఇనుప వస్తువొకటి తెచ్చాడు. గుర్రం నోట్లో పెట్టే కళ్లెపు కడ్డీ. కడ్డీ పొడుగునా మేకుల్లాంటి ముళ్లు. దాన్ని నా ముఖం ముందు పట్టుకుని, "ముందుగాల గిది నోట్లె పెట్టుకో. తర్వాత నీ మాట ఇంట," అన్నాడు.

"మీకేమన్నా పిచ్చా అండీ?"

"సరే తియ్యి, నువ్వెందుకు పెట్టుకుంటవ్."

కడ్డీని తువ్వాలుతో తుడిచి తన నోట్లోనే పెట్టుకున్నాడు. రెండు కొసల వార్లూ నా చేతుల్లో పెట్టి లాగమని సైగ చేశాడు. నేను సరిగ్గా లాగనైనా లేదు, మర్యాదకు కాస్త కదిపాను. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తీసేసి ఉమ్మితే ఎర్రగా పడింది.

"నువ్వు మెల్లగ గుంజినవు. బరాత్‌ల తాగినోడు గుంజుతడు," అన్నాడు. "ఇగ చెప్పు. ఏందో వాసన అన్నవు?"

ఇంటికొచ్చి గ్రూపులో 'మాట్లాడాను, రేపట్నుంచి పేడ రోజూ ఎత్తించేస్తారు' అని రాశాను. పచ్చి అబద్ధం. అబద్ధమాడినందుకు, మా తోటమాలిని బతిమాలి మొక్కల కోసం ఆ పేడ మోయించే పని నా నెత్తినే పడింది. అలా మొదలయింది మా స్నేహం. స్నేహమని నేనంటున్నాను, ఆయన ఏమనుకున్నాడో తెలియదు.

ఆ కళ్లెం పరీక్ష వచ్చిన ప్రతివాళ్లకూ పెట్టేవాడని తర్వాత తెలిసింది. ఒకసారి ఏదో కంపెనీ వాళ్లు ఒకే రంగు టీషర్టులు వేసుకుని, గుర్రాలతో ఫొటోలు దిగడానికి వచ్చారు. ఆయన కళ్లెం తీశాడు. ఫొటోలు దిగకుండానే వెళ్లిపోయారు. ఆ రోజు సాయంత్రం దాకా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఆయన అంతసేపు నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

గుర్రాలకు ఆయన పేర్లు పెట్టలేదు. మా ఫ్లాట్ల పిల్లలు ఊరుకుంటారా, రాణి అని, జాక్ అని వాళ్ల నోటికొచ్చినవి పెట్టి పిలిచేవారు. కోప్పడేవాడు. "పేరు పెడితె పిలుస్తరు. పిలిస్తె రావాలె. ఎందుకు రావాలె? పుట్టినకాడికెల్లి ఎవడో ఒకడు పిలిసుడు, ఇవి పోవుడు. ఇగ సాలు," అనేవాడు. తాడు కూడా ఉండేది కాదు ఆ జాగాలో. బట్టలు ఆరేసుకోవడానికి సైతం కరెంటు వైరు ముక్క కట్టుకున్నాడు గాని తాడు కట్టలేదు. అందుకే ఆయన పేరు కూడా నేనిక్కడ రాయడం లేదు. ఆయన్ని కూడా ఇక ఎవరూ పిలవక్కర్లేదు.

పెళ్లి భోజనం ముట్టేవాడు కాదు. ఒకసారి మా కొలీగ్ పెళ్లి నుంచి పులిహోర, బూరెలు డబ్బాలో తెచ్చిచ్చాను. మూత తీసి వాసన చూసి, "లగ్గందా?" అన్నాడు.

"అవునండీ, చాలా బాగున్నాయి."

"గుర్రమెక్కిండా పిలగాడు?"

"కాసేపేనండీ," అన్నాను. డబ్బా మూతపెట్టి నా చేతికిచ్చేశాడు. నాకు ఒళ్లు మండింది. తినే వస్తువు మీద ఏమిటీ మడి అనుకున్నాను. డబ్బా మా ఇంటి ఫ్రిజ్‌లో రెండు రోజులుండి పాడైపోయింది. నాకూ తినబుద్ధి కాలేదు.

ఆయన గదిలో దేవుడి పటం లేదు. మూడు క్యాలెండర్లు ఉండేవి. మూడింటిలోనూ ముహూర్తాలకు ఎర్ర సున్నాలు. ఒకదాంట్లో తప్పిపోయింది ఇంకోదాంట్లో దొరుకుతుందట. అందరూ శుభమని చూసే తేదీలు ఆయనకు గండాలు. మూఢం వస్తే ముఖంలో కళ వచ్చేది. ఇక ఆషాఢం వస్తే చెప్పనే అక్కర్లేదు. లగ్గాలుండవు కాబట్టి పెళ్లిళ్లకు బగ్గీలు, గుర్రాలు అద్దెకిచ్చేవాళ్లు ముసలి గుర్రాలనూ పుండ్లు పడ్డవాటినీ ఊరికే మేపలేక రోడ్ల మీదికి వదిలేస్తారు. జేబులో బెల్లం ముక్కలు వేసుకుని, నిజాంపేట నుంచి శేరిలింగంపల్లి దాకా చెత్తకుండీల దగ్గర, ఫ్లైఓవర్ల కింద వెతుక్కుంటూ తిరిగేవాడు.

"ఆషాఢంల కొత్త కోడండ్లు తల్లిగారింటికి పోతరు గద బిడ్డా. గిది వీటి తల్లిగారిల్లు," అనేవాడు.

శ్రావణం రాగానే అత్తగారివాళ్లు వచ్చేవారు. కాస్త కోలుకున్నవాటిని చూసి, ఇది మాదేనంటూ పట్టుకుపోయేవారు. గుర్రం తమదన్న కాగితం ఎప్పుడూ వాళ్ల దగ్గరే ఉంటుంది కదా. ఆయనే తలుపు తీసి పక్కకు జరిగేవాడు. గుడ్డిది, కుంటిది మాత్రం ఎవరికీ అక్కర్లేదు. అలా మిగిలినవే ఆ అయిదూ. అంటే నాలుగూ, ఆ మట్టిదీ.

ఆ మట్టిది ఒకనాటి ఆషాఢంలో, ఒక ఐటీ కంపెనీ గోడ పక్కన సర్వీసు రోడ్డులో, గిట్టకు మేకు దిగి నిలబడి ఉండగా దొరికిందట. మెత్తటి చూపు. ఎడమ చెవి కొసన చిన్న చీలిక. రోజూ పొద్దున్నే ఆయన మొదటి పని, బకెట్లో ఎర్రమట్టి కలిపి నుదుటి నుంచి తోక దాకా దానికి పామడం. వాన కురిస్తే ఆగీ ఆగకముందే మళ్లీ బకెట్ తీసేవాడు. ఎందుకండీ అంటే, "ఈగలు వాలకుంట," అన్నాడు.

"మిగతావాటికి పూయరేమండీ?"

"దీనికి తోలు పల్సన. ఈగలకు దీని మీదనే మోజు."

ఎంత సులువుగా నమ్మేశానో! పొద్దస్తమానం తప్పులు పట్టే ఉద్యోగం నాది. ఆ ఒక్కటి మాత్రం పట్టలేకపోయాను.

మా వీధి చివర ఒక ఫంక్షన్ హాలు ఉంది. శ్రావణంలో ఒక సాయంత్రం మా బాల్కనీలో బట్టలు తీస్తుంటే బ్యాండు మోగింది. కింద రేకుల జాగాలోకి చూస్తే, ఆ మట్టి గుర్రం నాట్యం చేస్తోంది. ఒక కాలు ఎత్తి, దించి, ఇంకో కాలు ఎత్తి, మెడ విల్లులా వంచి. మా ఫ్లాట్ల బాల్కనీలన్నీ నిండిపోయాయి. అందరూ ఫోన్లు పట్టుకుని వీడియోలు. నేనూ తీశాను, ఎందుకు దాచాలి. తీసి, ఆయనకు చూపించి సంబరపడదామని కిందికి పరిగెత్తాను.

వెళ్లేసరికి ఆయన దాని చెవుల్లో దూది కుక్కుతున్నాడు. కుక్కి, దాని నుదురు తన రొమ్ముకు ఆనించుకుని, రెండు చెవులూ రెండు చేతులతో మూసి నిలబడ్డాడు. గుర్రం ఒళ్లంతా వణుకుతోంది. బ్యాండు ఆగేదాకా, పావుగంటో ఇరవై నిమిషాలో, ఇద్దరూ అలాగే ఉన్నారు.

"భలే ఆడుతోందండీ," అన్నాను నేను, బుద్ధిలేకుండా.

"అది ఆట గాదు బిడ్డా," అన్నాడు. "బాజా మోగంగనే కాళ్ల మీద కట్టె పడ్తది. కట్టె తాకకుంట కాలు లేపుతది. గట్లనే నేర్పుతరు. ఇప్పుడు కట్టె లేదు. ఉన్నదో లేదో దానికేం ఎరుక?"

ఆ వీడియో తీసేశాను. గ్రూపులో మిగతావాళ్లు పెట్టినవి మాత్రం చాలా రోజులు తిరిగాయి.

ఇవన్నీ మీకెలా తెలుసని ఒకసారి అడిగితే, కుడి అరచెయ్యి చాపి చూపించాడు. వార్లు ఒరుసుకుని కాయలు కట్టిన చెయ్యి. "ముప్పయేండ్లు కళ్లెం పట్టిన చెయ్యి ఇది. కట్టె గూడ ఇదే పట్టింది," అన్నాడు.

బ్యాండువాళ్ల దగ్గర గుర్రం తోలేవాడట. ఒక లగ్గానికి, అప్పుడే డాంబరు వేసిన రోడ్డు మీద గుర్రం జారి పడింది. పెళ్లికొడుకు కింద పడ్డాడు. అందరూ పెళ్లికొడుకు చుట్టూ మూగారు.

"ముహూర్తం దాటుతాంది, లేపు లేపు అని ఒకటే మొత్తుకునుడు. లేస్తలేదు. తోక మెలివెట్టిన. నేనే. లేసింది. మల్ల పిలగాన్ని ఎక్కిచ్చిన. అదీ నేనే. ముందటి కాలు ఇరిగింది బిడ్డా దానికి. మూడు కాళ్ల మీద కుంటుకుంట పోయి హాలు కాడ దింపింది. జనం ఏమనుకున్నరో తెల్సా? కొత్త రకం ఆట అనుకున్నరు. సప్పట్లు కొట్టిండ్రు."

"మరి ఆ గుర్రం?"

"ఏముంటది."

చేతిలోని ఉలవలు నలపడం మొదలుపెట్టాడు. చాలా మంచి పని చేస్తున్నారండీ, పుణ్యం అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా. "పుణ్యం లేదు గిణ్యం లేదు," అన్నాడు. "ఊర్ల వెయ్యి గుర్రాలుంటె నా కాడ అయిదు. గీ అయిదుతోటి ఏమైతది? ఏం గాదు. నాకు తెల్వదా?" నన్ను కసిరినట్టే అన్నాడు. ఆ తర్వాత నేను పుణ్యం మాట ఎత్తలేదు.

ఇక నా నిర్వాకం చెప్పాలి.

రెండేళ్ల కిందట మాఘమాసంలో ఆయనకు ఊపిరాడక దవాఖానలో చేర్చారు. సంగారెడ్డి నుంచి కూతురొచ్చి తీసుకెళ్లింది. ఆటో ఎక్కేముందు నన్ను పిలిచి, "పొద్దుగాల ఉలవలు ఉడకవెట్టి పెట్టు. తొట్టిల నీళ్లు చూడు. ఇంకేం చెయ్యకు," అన్నాడు. ఆటో కదులుతుంటే తల బయటపెట్టి, "ఇంకేం చెయ్యకు బిడ్డా," అని మళ్లీ అన్నాడు.

మా ఆఫీసులో ఏటా నింపే ఫారంలో ఒక గడి ఉంటుంది, అడిగినదానికంటే అదనంగా ఏం చేశారో రాయమని. ఏళ్ల తరబడి ఆ గడి నింపీ నింపీ నా బుద్ధి గడ్డి తింది. ఆయన వచ్చేసరికి గుర్రాలన్నీ కడిగి ముత్యాల్లా ఉంచాలనుకున్నాను. ఈగలకు మంచి మందు తెప్పించాను, ఇక మట్టి అక్కర్లేదని. గ్రూపులో 'ఆదివారం గుర్రాలకు స్నానం, పిల్లల్ని తీసుకురండి' అని పెట్టాను. రెండేళ్ల ముందు పేడ కంపని గోల పెట్టినవాళ్లే షాంపూ సీసాలతో దిగారు. మా ఫ్లాట్ల నుంచి పైపు లాగాం.

మట్టి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. లోపలి నుంచి తెల్లటి తెలుపు! ముట్టె లేత గులాబీ రంగు. పాలలో ముంచి తీసినట్టుంది. మా ఎదురు ఫ్లాటు మామ్మగారు "అమ్మ నా తల్లీ, ఏం కళే!" అని మెటికలు విరిచింది. ఎవరో జూలు జడ అల్లారు. ఎవరో బంతిపూలు తెచ్చారు. గుర్రం గజగజ వణకడం మొదలుపెట్టింది. ఒక కాలు ఎత్తింది, దించింది. ఇంకో కాలు ఎత్తింది. దగ్గర్లో ఎక్కడా బ్యాండు లేదు. మాఘమాసం నీళ్లు కదా, చలేస్తోందనుకుని తువ్వాళ్లు కప్పాం. దాని బతుకులో ఒళ్లు కడిగింది లగ్గాలకేనని మాలో ఎవరికి తట్టింది? నాకు తట్టి ఉండాల్సింది. ఆ దూది కుక్కడం చూసినదాన్ని నేనొక్కదాన్నే కదా.

ఫొటోలు గ్రూపుల్లోకి, గ్రూపుల నుంచి స్టేటస్‌లలోకి వెళ్లాయి. మంగళవారం మధ్యాహ్నం నేను మీటింగులో ఉండగా మా సెక్యూరిటీ ఆయన ఫోను. ఎవరో బండి తెచ్చి గుర్రాన్ని తీసుకుపోతామంటున్నారని.

నేను చేరేసరికి రేకుల తలుపు బయట నలభై అయిదేళ్ల మనిషి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. బగ్గీల యజమాని. రౌడీలా ఉంటాడనుకున్నాను, పోట్లాడదామనుకుని వచ్చాను. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"మా గుర్రం మేడం. రెండేండ్ల సంది దేవులాడుతున్న. మస్తుగ చూసుకున్నరు, శుక్రియా," అన్నాడు. కాగితం చూపించాడు, దాని మీద చెవి చీలికతో సహా ఫొటో. తర్వాత తన ఫోను చూపించాడు. మా ఆదివారం ఫొటో. బంతిపూలతో, జడతో, పక్కనే పళ్లికిలిస్తూ నేను.

"మీరే కదండీ, కాలికి మేకు దిగితే రోడ్డు మీద వదిలేశారు?"

"పనోడు ఇడ్సిండు మేడం, నాకు ఎరుక లేదు."

"పెద్దాయన వచ్చేదాకా ఆగండి. రెండు రోజుల్లో వచ్చేస్తారు. ఆయనతో మాట్లాడండి."

"ఆయన వస్తె కేసు అయితది మేడం. నా గుర్రం దాసిపెట్టిండు గద. ముసలాయనను స్టేషన్‌కు ఎందుకు తిప్పుడు, చెప్పండి? మీరే జర ఆలోచించండి."

దబాయించినా బాగుండేది. ఆ మర్యాదకు నా గట్టి గొంతు ఎందుకూ పనికిరాలేదు. తాళంచెవి నా దగ్గరే ఉంది. నేనే తలుపు తీశాను. ఆ మనిషి సంచీలోంచి కళ్లెం తీశాడు, ముళ్లదే. గుర్రం తనంతట తనే నోరు తెరిచింది. ఎవరూ లాగకుండానే బండి ఎక్కి నిలబడింది.

శుక్రవారం ఆయన వచ్చాడు. లోపలికి అడుగుపెట్టి, నిగనిగలాడుతున్న నాలుగు గుర్రాలను చూసి, నేల మీద ఎండిన షాంపూ నురగ మరకలు చూసి, "కడిగిండ్రా?" అన్నాడు.

అన్నీ చెప్పాను. ఏడ్చాను కూడా. ఆయన వెళ్లి రాతి మీద కూర్చున్నాడు. తిడతాడేమోనని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మట్టి ఈగలకు గాదు బిడ్డా," అన్నాడు చివరికి. "అసల్ తెల్లది అది. బరాత్‌కు తెల్ల గుర్రమే గావాలె అందరికి. ఎర్రగ, గలీజుగ కనబడితె ఎవ్వడు అడగడు. గందుకు పూసిన."

"నాకొక్క మాట చెప్పొచ్చు కదండీ!"

"చెప్పకపోవుడు నాదే తప్పు. నీకు చెప్తె నీ మనసుల ఆగుతదా అనుకున్న. మీకు మంచి మాట ఏదున్నా ఫోన్ల పెడ్తరు గద." అందులో వెటకారం లేదు. లేచి, బకెట్టులో ఎండిపోయిన మట్టిని వేప మొదట్లో కొట్టేశాడు. ఆ బకెట్టు కడిగి ఉలవలకు వాడుకున్నాడు.

ఆ తర్వాత ఎర్ర సున్నాల రోజుల్లో మధ్యాహ్నం నుంచే బయల్దేరేవాడు. నాలుగడుగులకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ, ఫంక్షన్ హాళ్ల ముందు నిలబడి వచ్చిన ప్రతి బరాత్‌లో గుర్రం ఎడమ చెవి చూసేవాడు. చెవులకు అద్దాల కుచ్చులు కడతారు కాబట్టి బాగా దగ్గరికి వెళ్తే గాని కనిపించదు. తాగుబోతనుకుని తోసేసేవారు. వీలైన రోజున నేనూ వెంట వెళ్లేదాన్ని. ఒకసారి అడిగాను, "దొరికితే ఏం చేస్తారండీ? వెనక్కి తెచ్చుకోగలమా?"

"ఏ కాయితం మీద తెస్త?" అన్నాడు. "చెవులు మూస్త. బాజా అయిపోయేదాంక. గంతే."

దొరకలేదు. మాఘం అయింది, ఫాల్గుణం అయింది, వైశాఖం అయింది. జ్యేష్ఠంలో, ఇంకో వారంలో ఆషాఢం వస్తుందనగా, రేకుల గదిలో మంచం మీదే పోయాడు. కూతురు సామాను సర్దుతూ ఆయన చొక్కా జేబులోవి నా చేతిలో పోసింది. బెల్లం ముక్క, దూది ఉండ. మిగిలిన నాలుగు గుర్రాలను ఊరి బయట ఎవరో తీసుకుంటామంటే బండి ఎక్కించి పంపాం. అక్కడెలా ఉన్నాయో కనుక్కోవాలని ఫోన్ చేస్తే ఇప్పటిదాకా ఎత్తలేదు. రేకుల జాగాలో మా ఫ్లాట్లవాళ్లు కార్లు పెట్టుకుంటున్నారు. ఇప్పుడు కంపు లేదు, ఈగలూ లేవు.

మొన్న శ్రావణంలో, ఎర్ర సున్నా ఉన్న రోజు, ఆఫీసు నుంచి వస్తుంటే కొండాపూర్ సిగ్నల్ దగ్గర క్యాబు ఆగిపోయింది. ముందు బరాత్. ఇంకా చీకటి పడలేదు. దిగి నడిచాను. ఇలా ఎన్నిసార్లు దిగానో, ఎన్ని చెవులు చూశానో లెక్కలేదు. దగ్గరికి వెళ్లి, అద్దాల కుచ్చు కొంచెం పక్కకు జరిపాను.

చీలిక.

మేము కడిగినదానికంటే తెల్లగా ఉంది. డొక్కలు లోపలికి పోయి, ఒళ్లంతా వణుకుతోంది. బ్యాండువాళ్లు పాట మార్చుకోవడానికి ఆగారు. నేను గబగబా పర్సులో బెల్లం ముక్క పక్కనున్న దూది తీశాను. కళ్లెం పట్టుకున్న పనాయన నా చెయ్యి అడ్డుకున్నాడు.

"ఏంది మేడం?"

"చెవుల్లో పెడతానండీ. ప్లీజ్. దానికి బ్యాండంటే భయం."

"దూది పెడితె బాజా ఇనబడదు మేడం," అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు. "ఇనబడకుంటె ఆడదు."

నా చేతికి బెల్లం వాసన ఉంది కాబోలు. గుర్రం నా చెయ్యి వాసన చూసింది. ఒక అడుగు ముందుకు వేసి, నుదురు తెచ్చి నా రొమ్ముకు ఆనించింది. ఆనించి అలాగే నిలబడింది. దేనికోసం ఎదురుచూస్తోందో నాకు తెలుసు. రెండు చేతులతో దాని రెండు చెవులూ మూశాను. కుచ్చుల అద్దాలు అరచేతుల్లో గుచ్చుకున్నాయి. కింద చెవులు వేడిగా ఉన్నాయి. దాని వణుకు ఆగింది.

పైనుంచి పెళ్లికొడుకు వంగి, "ఆంటీ, ఫొటోనా? తీస్కోండి తీస్కోండి," అని పాగా సర్దుకుని నవ్వాడు. ఎవరో నిజంగానే ఫొటో తీశారు కూడా.

పచ్చ సిగ్నల్ పడింది. వెనక కార్లు హారన్లు మోగించాయి.

"ఇగ ఇడ్వండి మేడం. హాలు కాడ పరేషాన్ అయితరు," అన్నాడు పనాయన. గట్టిగా కూడా అనలేదు.

నేనే చేతులు తీసేశాను.

బ్యాండు అందుకుంది. అది కాలు ఎత్తింది.